ఎదురింటి యాడి

పిండి గిర్ని నడుస్తున్నంతసేపూ నాకు మాటలు సరిగా వినబడవు. జనగామలో ఈ గిర్ని పెట్టుకున్నప్పటి నుంచి పెదవులు చూసి మాట పోల్చుకోవడం అలవాటైంది. మొన్న పసుపు పట్టించుకోవడానికి ఒకామె వచ్చింది. నెల్లికుదురు దిక్కు తండా అంది. ఇక్కడ బిడ్డ ఇంటికి వచ్చిందట. మేము కూడా ఒకప్పుడు మానుకోటలో సర్కారు క్వార్టర్లలో ఉండేవాళ్ళమని మాట కలిపి, మిషను వేశాను. ఆ చప్పుడులో ఆమె ఏదో చెప్పింది. పెదవుల మీద "యాడి" అన్న మాట ఒక్కటే పోల్చుకున్నాను. పసుపు కొమ్ములు సగం పడుతుండగానే మిషను ఆపేశాను.

"ఎవరు?" అన్నాను.

"గా క్వార్టర్లల్ల ఉండేది గదమ్మా, మిర్చి యార్డుకు పోయేది. అందరు యాడి అనేటోళ్ళు. మా తండానే. పానం పోయి వారమైంది. ఎల్లుండి దినాలు."

పసుపు పట్టి ఇచ్చాను. ఆమె వెళ్ళిపోయాక మళ్ళీ మిషను వేయబుద్ధి కాలేదు.

యాడి అంటే లంబాడీ మాటలో అమ్మ. ఆమె అసలు పేరు నాకు తెలుసు. ఒకసారి ఒక కాయితం మీద చదివాను. ఆ కాయితం మీద నా పేరు కూడా ఉంది కాబట్టి, ఆమె పేరు ఇక్కడ రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఆ క్వార్టర్లు ఊరి చివర రైలు పట్టాల పక్కన ఉండేవి. మూడంతస్తులు. ఒక్కో ఇంటికి ఒక గది, వంటకు కొంచెం చోటు. సొంతం కావు, పట్టా రాదు. ఇల్లు లేనివాళ్ళకని సర్కారు కట్టి తక్కువ కిరాయికి ఇచ్చిన ఇళ్ళు. ఆ తక్కువ కిరాయి కూడా కట్టలేని నెలలు వస్తాయని నాకు అక్కడికి పోయాకే తెలిసింది. అంతకుముందు బజారులో మాకు కిరాణా హోల్‌సేల్ దుకాణం ఉండేది. మా మామగారి కాలం నుంచీ అందరూ మా దగ్గర బాకీ ఉండేవాళ్ళే. ఆ బాకీలు వసూలు కాక, మేము తెచ్చిన సరుకుకు మేము కట్టలేక, దుకాణం పోయింది, పైన ఇల్లూ పోయింది. మా ఆయన మిర్చి యార్డులో, రైతుల సరుకు అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాగా చేరాడు. ఎవరో దరఖాస్తు పెట్టిస్తే రెండో అంతస్తులో ఈ క్వార్టరు వచ్చింది.

మా తలుపుకు ఎదురుగా యాడి తలుపు. మధ్యలో నాలుగడుగుల వసారా. ఆమె ఇంట్లో ఉన్నంతసేపూ ఆ తలుపు బార్లా తెరిచి ఉండేది. స్నానానికి తప్ప వేసేది కాదు. యాభై ఏళ్ళుంటాయి, సన్నటి మనిషి. పొద్దున యార్డుకు పోయి మిరపకాయలకు తొడిమెలు తీసేది. సాయంత్రం వచ్చేటప్పుడు చేతులు కుంకుమలో ముంచినట్టు ఉండేవి. ఎంత మంచినూనె రాసుకున్నా మంట తగ్గేది కాదు. అందుకే పిల్లలను ముట్టుకునేది కాదు. మా పాప పరుగెత్తుకుంటూ పోతే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, మోకాలితో ఆపి, తలతో తలను తాకించేది. మెట్లెక్కుతూ కింది అంతస్తు నుంచే మాట్లాడడం మొదలుపెట్టేది. ఎవరితోనో తెలిసేది కాదు. పైకి వచ్చేసరికి సగం కథ అయిపోయేది. అన్నం నిలబడి తినేది. "కూసుంటే నిద్రొస్తది" అనేది. గట్టి మాట ఏదైనా అనబోయే ముందు చిన్నగా నవ్వేది. ఆ నవ్వు రాగానే నేను జాగ్రత్త పడేదాన్ని.

మొదట్లో నాకు ఆమె అంటే గిట్టేది కాదు. బజారు ఇంటి నుంచి వచ్చినదాన్ని. ఆమె "సేటమ్మా" అని పిలిచినప్పుడల్లా వెక్కిరించినట్టే ఉండేది. మా వెనక ఎంత ఉందో, ఎంత పోయిందో ఆ మెట్ల మీద అందరికీ తెలుసు.

రెండో ఏడు అన్‌సీజన్‌లో అడ్తి దుకాణం వాళ్ళు మా ఆయనను నాలుగు నెలలు మానుకొమ్మన్నారు. ఆయన ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చునేవాడు. నన్ను ఏమీ అడిగేవాడు కాదు, నేనూ అడగలేదు. కిరాయి ఐదు నెలలు ఆగింది. కిరాయి వసూలుకు ఒక సారు వచ్చేవాడు. చెడ్డవాడని చెప్పలేను. తలుపు మూడుసార్లు కొట్టి, పేరు పిలిచి, పుస్తకంలో ఏదో రాసుకుని పోయేవాడు. ఆయన మోటారు సైకిలు చప్పుడు వినగానే నేను లోపల గొళ్ళెం పెట్టి, ఫ్యాను ఆపి, పాప నోటి మీద చెయ్యి పెట్టి కూర్చునేదాన్ని. బాకీ అడగడం ఎట్లాగో మా ఇంట్లో అందరికీ వచ్చు. బాకీ పడి తలుపు తీయడం ఎవరూ నేర్పలేదు.

ఒకరోజు ఆయన మూడుసార్లు కొట్టి వెనక్కి తిరిగాడు. అప్పుడు ఎదురింటి నుంచి యాడి గొంతు వినబడింది.

"లోపల్నే ఉన్నరు సారూ. మళ్ళ కొట్టు."

నా ఒళ్ళంతా మండిపోయింది. ఆయన మళ్ళీ కొట్టాడు. తీయక తప్పలేదు. నోటీసు చేతికిచ్చి, సంతకం పెట్టించుకుని పోయాడు. పదిహేను రోజుల్లో కట్టకపోతే ఇల్లు ఖాళీ చేయించి, లిస్టులో ఉన్న ఇంకొకరికి ఇస్తారట. నేను ఎదురు తలుపు వైపు చూశాను. ఆమె రొట్టె కాలుస్తోంది.

"నీకేం పోయేకాలం?" అన్నాను. జీవితంలో ఎవరినీ అట్లా అనలేదు.

ఆమె నవ్వింది. పొయ్యి ఆర్పి, మా గడప దగ్గరకు వచ్చి నిలబడింది.

"కోపమొచ్చిందా సేటమ్మా? రానీ. తీయకపోతే ఏం జేస్తడు? కాయితం తలుపుకు అంటించి పోతడు. గాలికి ఊడిపోతది, లేకుంటే పోరగాండ్లు చింపుతరు. పదిహేను రోజులైనంక తాళం పట్టుకొని వస్తడు. గప్పుడు తెలుస్తది నీకు. ఇప్పుడు ఇయ్యాల్నే తెలిసె గదా. రేపు ఆఫీసుకు పోదాం."

"పోయి ఏం చెప్పాలి? పైసలు లేవు కదా."

"లేవని చెప్పడానికే పోవాలె. ఉన్ననాడు పోనవసరమే లేదు."

మర్నాడు ఆమె ఒక పూట పని పోగొట్టుకుని నాతో వచ్చింది. దారి పొడుగునా నేను మా దుకాణం ఎట్లా పోయిందో, ఎవరు ముంచారో చెప్పుకుంటూ వచ్చాను. ఆఫీసు గేటు దగ్గర ఆగి నా మొహంలోకి చూసింది.

"గిదంతా నాకు చెప్పినవు, మంచిగున్నది. లోపల చెప్పకు. ఇయ్యాల ఎంత ఉన్నదో చెప్పు. నెలకు ఎంత కడుతవో చెప్పు. ఏ తారీఖున కడుతవో చెప్పు. ఎందుకు లేవో వాళ్ళడిగితెనే చెప్పు."

లోపల ఆమె నా తరఫున మాట్లాడుతుందనుకున్నాను. మాట్లాడలేదు. సారు తలెత్తి "ఏందమ్మా?" అన్నప్పుడు నేను ఆమె వైపు చూస్తే, ఆమె గోడ మీద క్యాలెండరు చూస్తోంది. చివరికి నేనే చెప్పాను. ఎంత ఉందో, నెలకు ఎంత కడతానో, ఏ తారీఖున కడతానో, మూడు మాటలూ చెప్పాను. ఆయన పుస్తకం తిరగేసి, నెల కిరాయితో పాటు పాతదాంట్లోంచి కొంత కిస్తుగా కట్టమని కాయితం రాశాడు. బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. యాడి ఎదురు బండి మీద మిరపకాయ బజ్జీలు కొనుక్కొచ్చి, నిలబడి తింటూ నాకు ఒకటి అందించింది.

"ఏడువు, ఏడువు. తక్కువ పైసలైనా మంచిదే, తారీఖు మాత్రం తప్పకు. తారీఖు తప్పినోళ్ళకే దాక్కోబుద్ధి అయితది."

ఆ రోజు నుంచి నేను ఆమెకు సేటమ్మను కాను, చెల్లెను. ఎక్కడ ఎదురుపడినా "తిన్నవా" అని అడిగేది కాదు. "కిరాయి కట్టినవా?" అనేది. పదిమందిలో కూడా అట్లాగే అడిగేది. నాకు సిగ్గు పోయింది. క్వార్టర్లలో ఇంకా నలుగురైదుగురు ఆడవాళ్ళు అట్లా ఆమె వెంట ఆఫీసుకు పోయినవాళ్ళే. ఎవరి తరఫునా ఆమె నోరు విప్పలేదు. గేటు దాకా తీసుకుపోవడమే ఆమె పని.

ఆమె ఇల్లు ఆమె భర్త పేరు మీద ఉండేది. అతను పుణె దిక్కు మేస్త్రీ పనికి పోయి ఎనిమిదేళ్ళయింది, తిరిగి రాలేదు. అతని పేరు మీద ఆమె నెలనెలా కట్టేది. ఒక్కతే బిడ్డ, నర్సు కోర్సు చదువుతూ హాస్టల్లో ఉండేది. ఏటా పుష్యమాసంలో యాడి భూపాలపల్లి దిక్కు మిరప తోటలకు కాయ ఏరడానికి పోయేది. అక్కడ కూలి ఎక్కువ. చేను గట్టునే డేరాలు వేసుకుని రెండు నెలలు ఉండి వచ్చేది. పోయే ముందు ఆ రెండు నెలల కిరాయి ముందే కట్టి పోయేది.

ఒక ఏడు కట్టలేకపోయింది. బిడ్డ కాలేజీ ఫీజు ఒక్కసారే వచ్చి పడింది. అప్పటికే మూడు నెలలు ఆగింది. పోయే రోజు పొద్దున మూటతో మా గుమ్మం ముందు నిలబడింది.

"చెల్లె, సారు వస్తే జర చెప్పు. ఉగాది లోపల వస్త, వచ్చి మొత్తం కడుత అన్నదని చెప్పు. ఫోను ఆడ కలుస్తదో లేదో. నువ్వు చెప్తే వింటడు."

"చెప్తా యాడీ, నువ్వు పో" అన్నాను.

ఉగాది ఇంకా పది రోజులుందనగా వచ్చారు. వసూలు సారు, ఆయన వెంట పై అధికారి ఒకరు, తాళాలు పగలగొట్టే మనిషి. ఆ రెండు నెలలుగా నేను కూడా కిస్తు కట్టలేదు. పాపకు జ్వరం తిరగబెట్టి దవాఖానకు పోసిన నెలలు అవి. మోటారు సైకిలు చప్పుడు విని గొళ్ళెం పెట్టబోయి, ఆపుకుని తలుపు తీశాను. ఆమె నేర్పిందే కదా అనుకున్నాను.

"ఈ ఇల్లు తాళమేసి ఎన్ని రోజులైందమ్మా?" అని అధికారి అడిగాడు.

"రెండు నెలలు దాటింది."

"ఎటు పోయిందామె? మళ్ళ వస్తదా?"

నేను నోరు తెరిచాను. అప్పుడే వసూలు సారు పుస్తకం తిప్పుతూ, నా వైపు చూడకుండా, "వీళ్ళది గూడ రెండు కిస్తులు ఆగినయి సార్" అన్నాడు. బెదిరించాలని అనలేదేమో. ఉన్న మాటే అన్నాడు. కానీ ఆ అధికారి తల తిప్పి మా ఇంట్లోకి చూశాడు. మంచం మీద పాప, గోడకు ఆనుకుని మా ఆయన, మూలన బియ్యం డబ్బా. అన్నీ ఒక్కసారి చూశాడు.

"తెల్వదు సార్" అన్నాను.

ఒక్క మాట. ఉగాదికి వస్తదని చెప్పడానికి కూడా అంతే సేపు పట్టేది. పంచనామా రాశారు. ఇల్లు రెండు నెలలకు పైగా తాళం వేసి ఉన్నదని, కిరాయి బకాయి ఉన్నదని, ఆమె ఎక్కడున్నదీ తిరిగి వస్తుందో లేదో ఎదురింటివారికి తెలియదని. కింద సంతకం పెట్టమంటే పెట్టాను. అప్పుడే ఆమె పేరు అక్షరాల్లో చూశాను. తాళం పగలగొట్టి, సామాను మూటలు కట్టి, ట్రాలీ ఆటోలో వేసుకుని పోయారు. మా ఆయన నన్ను ఏమీ అడగలేదు. ఆ రోజు అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఉగాదికి మూడు రోజుల ముందు ఆమె వచ్చింది. కింది అంతస్తు నుంచే మాటలు వినబడ్డాయి. పైకి వచ్చాక మాట ఆగిపోయింది. ఆ తలుపుకు కొత్త తాళం ఉంది. నేను లోపల పొయ్యి ముందు కూర్చుని ఉన్నాను. లేవలేదు. కాసేపటికి మెట్లు దిగిన చప్పుడు, కింది ఇళ్ళవాళ్ళు ఆమెను ఆపి ఇక్కడి సంగతులన్నీ చెబుతున్న మాటలు వినబడ్డాయి. బిడ్డకు ఫోను చేసి, ఆమెను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయిందని తర్వాత ఎవరో చెప్పారు.

పొద్దు గూకే వేళ మళ్ళీ వచ్చింది. నేరుగా మా గడప దగ్గరకు వచ్చి నిలబడింది. మనిషి ఎండకు నల్లబడి ఉంది. చేతులు అట్లాగే ఎర్రగా ఉన్నాయి. నేను మంచినీళ్ళు ఇచ్చాను, తాగింది. ఏం అడుగుతుందో అని చూస్తున్నాను. ఆమె నవ్వలేదు.

"చెల్లె, ఈ సారు పదో తారీఖు దాకనే ఉంటడట. బదిలీ అయ్యిండు. కొత్తాయన వస్తే పాత కిస్తుల కాయితం చూడడట, మొత్తం ఒకటేసారి అడుగుతడట. పదో తారీఖు లోపల పో. ఎంత ఉంటె అంత కట్టి, ఈ సారుతోనే మళ్ళ రాయించుకో."

"మరి నీ ఇల్లు?"

"గా ముచ్చట అయిపోయింది. నా పేరు మీద లేదాయె. లిస్టుల ఉన్నోళ్ళకు రాసిర్రు. పసిపిల్లతోని ఉన్నరట." గ్లాసు కింద పెట్టి, "పైసలన్ని తెచ్చిన, కడుతనంటె తీసుకోలె" అంది. చెంగు ముడి తడుముకుంది. అంతే. ఆఫీసులో సామాను విడిపించుకుని, బిడ్డతో కలిసి తండాకు పోయింది.

నేను తొమ్మిదో తారీఖున పోయాను. గాజులు కుదువ పెట్టి కట్టి రాయించుకున్నాను. మా ఇల్లు నిలిచింది. ఆ ఇంట్లోనే మరో ఐదేళ్ళు ఉన్నాం. పాప పదో తరగతి అక్కడే పాసయింది.

ఇన్నేళ్ళూ నన్ను నేను ఓదార్చుకున్నది ఒక్కటే మాటతో. ఆమెకు తెలియదు. చదువు రాదు, ఆ కాయితం చూసినా ఏం తెలుస్తుంది? తెలిస్తే ఆ సాయంత్రం మా గడప ఎక్కేదా, మాకు దారి చెప్పేదా? తర్వాత ఒకసారి స్టేషన్లో కనబడింది. తండా నుంచి ఆటోలో యార్డుకు వచ్చి పోతోందట. ఎప్పటిలాగే "కిరాయి కట్టినవా?" అంది. నేను "కడుతున్న" అన్నాను. ఇంకేదో అనాలని నిలబడ్డాను. రైలు వచ్చింది, ఎక్కేశాను. ఆ ఓదార్పును ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

దినాల నాడు గిర్ని మూసి, మానుకోటకు రైలెక్కి, అక్కడి నుంచి ఆటోలో తండాకు పోయాను. ఇంటి ముందు టెంటు వేసి ఉంది. పెద్ద గంజుల్లో వంట అవుతోంది. బిడ్డ నన్ను చూసి గుర్తుపట్టింది. ఇప్పుడు ఏదో దవాఖానలో నర్సు. తల్లి పోలికే, సన్నగా, నిటారుగా. నన్ను పక్కకు తీసుకుపోయి కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు. అక్కడికి పోయేదాకా ఏం చెప్పాలో తెలియదు కానీ ఆమె మొహం చూడగానే వచ్చేసింది.

"అమ్మా, ఆ రోజు మీ అమ్మ ఉగాదికి వస్తానని నాతో చెప్పే పోయింది. నేనే తెలియదన్నాను. సంతకం పెట్టాను. ఆమెకు ఎన్నడూ చెప్పలేదు."

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది.

"అమ్మకు తెలుసక్కా" అంది. "కాయితం చదివింది నేనే."

"ఎక్కడ?" అన్నాను.

"ఆఫీసుల పంచనామా చేతికిచ్చి చదువుకోర్రి అన్నరు. నేను మొత్తం చదివిన. ఎదురింటివారికి తెలియదు అన్న కాడ అమ్మ ఆపింది. మళ్ళ చదువు అన్నది. మళ్ళ చదివిన. కింద ఎవరు దస్కతు పెట్టిర్రు అన్నది. మీ పేరు చెప్పిన. బల్ల పట్టుకొని నిలబడ్డది. నేను లొల్లి పెట్టబోయిన, ఆమెను పిలిపించుర్రి, మా అమ్మ చెప్పే పోయింది అన్న. అమ్మ నా చెయ్యి గుంజింది. గుంజి, ఆ సారును అడిగింది, ఎదురింటామెవి కిస్తులు ఆగినయంట గద సారూ, ఎప్పటిదాక ఆగుతరు, అని. గప్పుడే ఆయన బదిలీ సంగతి చెప్పిండు."

పక్కన ఎవరో పిల్లను పిలిచారు. ఆమె వస్తున్నానని చేత్తో చెప్పింది కానీ కదలలేదు.

"బస్సుల వచ్చేటప్పుడు అడిగిన, ఎందుకు అడిగినవు అని. నీకు తెల్వదు, ఆ పాపకు జ్వరముండె అన్నది. అంతకు మించి ఏం చెప్పలె. మళ్ళ ఎన్నడు మీ మాట తీయలె. మంచిగ అనలె, చెడుగ అనలె."

నేను ఏడుస్తున్నానని అప్పటికి గానీ తెలియలేదు. ఆ పిల్ల కళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి.

"అమ్మకు కోపమున్నదో లేదో నాకు తెల్వదు. నాకైతే ఉన్నది. అప్పుడున్నది, ఇప్పుడు గూడ ఉన్నది. మీరు వచ్చి చెప్పినంత మాత్రాన పోదు." కొంగుతో చెమట తుడుచుకుని గంజుల వైపు చూసింది. "దూరంకెల్లి వచ్చిర్రు. అన్నం తిని పోర్రి."

బంతిలో చివర కూర్చున్నాను. ఆమే వచ్చి విస్తరాకు వేసింది, ఆమే వడ్డించింది. నేను తల ఎత్తకుండా తిన్నాను.